తుపాకుల మిస్త్రీ కొడుకు

అబద్ధం చెప్పినా అతికినట్టుండాలంటారు పెద్దలు. గౌస్ మొహియుద్దీన్ చెప్పిన అబద్ధం అతకడమే కాదు, ముప్ఫై ఏళ్లు ఊడకుండా నిలబడింది. ఈలోగా అమీర్‌పేటలో గట్టివనుకున్నవి ఎన్నో ఊడిపోయాయి. పెంకుటిళ్లు పోయి కాంప్లెక్సులు లేచాయి. పిండిమర ఉన్నచోట జావా, బొగ్గుల కొట్టు ఉన్నచోట ఒరాకిల్ వచ్చి కూర్చున్నాయి. గౌస్ అబద్ధం మాత్రం చెక్కు చెదరలేదు.

"మా అబ్బా నిజాం పటాలంల తుపాకుల మిస్త్రీ." ఇంతే ఆ అబద్ధం.

గౌస్‌ది మైత్రీవనం వెనక గల్లీలో ఒక్క షట్టరు కొట్టు. కుట్టు మిషన్లు, తాళాలు, మిక్సీలు, గ్యాసు పొయ్యిలు, ఏది తెచ్చినా కాదనడు. రెండు కోచింగ్ సెంటర్ల మధ్య ఇరుక్కున్న కొట్టు కావడంతో, ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ల నుంచి వచ్చే కుర్రాళ్లు ఆయన్నే అడిగేవారు, "అన్నా, డెమో క్లాసు ఎక్కడ?" అని. ఏ క్లాసు, ఎవరి క్లాసు అన్న విచారణ లేకుండా గౌస్ "మూడో అంతస్తు" అని చెప్పేవాడు. ఎంతమంది అలా మూడో అంతస్తుకు పోయి, తెలియక చేరిన కోర్సుతో ఉద్యోగం తెచ్చుకున్నారో ఆ దేవుడికే తెలియాలి.

ఇక నిజం సంగతి. వాళ్ల అబ్బా పటాలంలో పనిచేసిన మాట వాస్తవమే. కాకపోతే దర్జీఖానాలో. సిపాయిల చొక్కాలు కుట్టే మిషన్లకు నూనె పోసి, సూదులు మార్చి, స్ప్రింగులు బిగించిన మనిషి. తుపాకీని ఆయన చూసింది సిపాయి భుజం మీదే. గౌస్ పడుచువాడిగా కొట్టు తెరిచిన కొత్తలో, ఎదుటి స్కూటర్ మెకానిక్ ఒకడు నలుగురిలో నవ్వాడు. "కుట్టు మిషన్లు చేసేటోడు సుత మిస్త్రీయేనా? గది ఆడోళ్ల పని" అన్నాడు. గౌస్‌కు ఒళ్లు మండి ఆ మాట నోట్లోంచి జారిపోయింది. స్కూటరువాడు నోరు మూశాడు. ఒక్కమాటతో అంత మర్యాద వస్తుంటే ఎవడు వెనక్కి తీసుకుంటాడు? ఏడాదికో పొర చొప్పున కథ పెరిగింది. తనకు పదేళ్లప్పుడే అబ్బా తుపాకీ విప్పడం నేర్పాడనీ, కళ్లకు గంతలు కట్టినా బిగించగలననీ గౌస్ చెప్పసాగాడు. చెప్పగా చెప్పగా సగం తనే నమ్మాడు.

నమ్మనిది ఒక్క ఫఖ్రున్నీసా. ఆమె గౌస్ భార్య. కొట్టు వెనక గదిలో, పరదా అవతల, మామగారు వదిలివెళ్లిన పాత విలాయతీ మిషన్ మీద బ్లౌజులు కుట్టేది. గౌస్ తుపాకుల కథ ఎత్తుకోగానే పరదా వెనక మిషన్ చప్పుడు రెండింతలయ్యేది. బయట కూర్చున్నవాళ్లు అది పని తొందర అనుకునేవాళ్లు. అది తిట్టు అని గౌస్‌కు తెలుసు.

అబ్బా దగ్గర గౌస్ నిజంగా నేర్చుకున్నది ఒకటుంది. మర వదులైనా, స్ప్రింగు కొస నిలవకపోయినా, ఎర్రదారాన్ని కొవ్వొత్తి మైనంలో రుద్ది అక్కడ చుట్టేవాడు. తక్కిన మిస్త్రీలు నవ్వేవాళ్లు. "మరకు దారం కడతాడేంది, మొలతాడు లెక్క?" అనేవాళ్లు. గౌస్ పట్టించుకునేవాడు కాదు. ఆయన చేతిలో పడిన వస్తువు ఏది విప్పినా లోపల ఎర్రదారం ఉండేది. పక్కనే చాయ్ అమ్మే అఫ్జల్ కెటిల్ పిడికి కూడా అదే దారం.

రెండువేల ఒకటో సంవత్సరం, మహర్నవమి ఇంకా మూడు రోజులుందనగా, ఉదయం పూట, ఆ అఫ్జల్ కొట్టు ముందు ఒక ఆటో ఆగింది. అందులోంచి వీర్రాజు, ఆయన భార్య కమలకుమారి దిగారు, వాళ్ల మధ్య నిలువుగా ఒక చాప చుట్ట. చాప కొసన నల్లటి ఇనప గొట్టం తొంగి చూస్తోంది. పంజగుట్ట నుంచి అమీర్‌పేట దాకా ఆటోవాడు ఎందుకు "సార్, సార్" అంటూ వచ్చాడో, మీటరు మీద పైసా ఎక్కువ అడగకుండా ఎందుకు పారిపోయాడో వీర్రాజుకు అర్థం కాలేదు. "ఈ ఊళ్లో మర్యాద ఇంకా మిగిలే ఉందే!" అని సంతోషించాడు.

వీర్రాజు ఇరిగేషన్ ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి, గోదావరి జిల్లా వాడు. ఆయన తండ్రి చలపతిరావు ఉద్యోగరీత్యా హైదరాబాదు వచ్చిన కొత్తలో, పాత నిజాం పటాలం సామాన్లు వేలం వేస్తుంటే ఈ తుపాకీ కొన్నాడు. తర్వాత పోలీసులు గొట్టంలో సీసం పోయించి, ఇక పేలదని తేల్చాకే ఇంట్లో ఉంచుకోనిచ్చారు. అప్పటినుంచి అది ఏటా ఆయుధపూజకు గోడ దిగేది. పసుపు రాసి, కుంకుమ పెట్టి, హారతి ఇచ్చాక వీర్రాజు తుపాకీ గుర్రం, అదే ట్రిగ్గరు, నొక్కేవాడు. 'టక్' మనేది. ఆ టక్ వినపడ్డాకే గుమ్మడికాయ కొట్టడం వాళ్లింటి ఆచారం. పోయిన దసరాకు టక్ అనలేదు. నెల తిరక్కుండా వాళ్లబ్బాయి వివేక్‌ను సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లు పనిలేకుండా బెంచి మీద కూర్చోబెట్టారు. అమెరికాలో కంపెనీలు మునగడం వల్ల అని పేపర్లన్నీ రాశాయి. కమలకుమారి ఒప్పుకోలేదు. తుపాకీ మూగబోవడం వల్లే అన్నది ఆవిడ తీర్పు.

"ఆబిడ్స్‌లో తుపాకుల షాపుకెళ్లామండీ. ఇంత పాతదానికి సామాను దొరకదు, గోడకు తగిలించుకోండన్నారు" అన్నాడు వీర్రాజు అఫ్జల్‌తో. "ఇక్కడ గౌస్ గారని ఒకాయన ఉన్నారటగా?"

అఫ్జల్ ఛాతీ పొంగింది. "గీయనే సార్! నిజాం పటాలం హాత్, గా చెయ్యే వేరు. కండ్లు మూసుకొని బిగిస్తడు. ఏం గౌస్ భాయ్?"

గౌస్ అంతవరకూ ఏ తుపాకీనీ విప్పి ఎరగడు. అయినా ముప్ఫై ఏళ్ల అలవాటు, నోరు దాని పని అది చేసేసింది. "ఎడమచేతి పని సార్. పెట్టి పోండ్రి. దసరా అయినంక రాండ్రి."

దసరా అయ్యేలోపు ఏదో ఒక జ్వరం తెచ్చుకోవచ్చని ఆయన ఎత్తు. కమలకుమారి ఆ ఎత్తు సాగనివ్వలేదు. "అదేం కుదరదండీ. నవరాత్రుల్లో ఆయుధం పరాయి గడపలో నిద్ర చేయకూడదు. దీపాలు పెట్టే వేళకి ఇంటికి చేరాలి. మేం ఇక్కడే కూర్చుంటాం" అని స్టూలు లాక్కుని, కళ్లద్దాలు సర్దుకుని, సరిగ్గా ఆయన చేతులు కనపడేచోట కూర్చుంది.

గల్లీ అంతా మూగింది. డెమో క్లాసులకు పోవలసిన కుర్రాళ్లు కూడా ఆగిపోయారు. గౌస్ బిస్మిల్లా అనుకుని చాప విప్పాడు. ఇనుము, కొయ్య, పసుపు. ఎక్కడ మొదలుపెట్టాలో అంతుపట్టలేదు. డాక్టరు వీపు మీద కొట్టినట్టు స్క్రూడ్రైవరుతో అక్కడా ఇక్కడా తట్టాడు. చెవి ఆనించి విన్నాడు. జనం ఊపిరి బిగబట్టి చూశారు. అంత సేపూ ఆయన మనసులో ఒక్కటే మాట తిరుగుతోంది: ఇయ్యాల ఇజ్జత్ పోయింది, అబ్బా పేరు సుత పోయింది.

మూడోసారి తట్టగానే తుపాకీలోంచి చీమలు బయలుదేరాయి.

"ఏం పూసిండ్రమ్మా దీనికి?"

"ఆముదం రాస్తున్నానండీ, చలవ చేస్తుందని. పోయినేడు కాస్త నెయ్యి కూడా" అంది కమలకుమారి.

ఏళ్ల తరబడి ఆముదం, పసుపు, గంధం కలిసి లోపల అట్టకట్టి కూర్చున్నాయి. జిడ్డుపట్టిన కుట్టు మిషన్ వస్తే ఏం చేస్తాడో గౌస్ అదే చేశాడు, కిరసనాయిలు పోశాడు. ఇంకేం చేయాలో తెలియకనే పోశాడు. కాసేపటికి పసుపుముద్ద కరిగి, పిడి పట్టుకుని గుంజగానే బోల్టు మొత్తం చేతిలోకి ఊడొచ్చింది. గౌస్ అదిరిపడి వెనక్కి తూలాడు. "వాహ్ ఉస్తాద్!" అని చప్పట్లు కొట్టారు జనం.

బోల్టు కొసన మర తిప్పాడు. లోపల సూదిలాంటి కడ్డీ, దాని చుట్టూ స్ప్రింగు. స్ప్రింగు రెండు ముక్కలై ఉంది. గౌస్ ఆ ముక్కల్ని అరచేతిలో వేసుకుని వెలుతురుకు పట్టి చూశాడు. పరాయి ఊళ్లో దారి తప్పి తిరుగుతుంటే ఇంటి పక్కవాడు ఎదురొచ్చినట్టయింది. ఆ స్ప్రింగు ఆయనకు తెలుసు. అది తుపాకీది కాదు. కుట్టు మిషన్‌లో బట్టను అదిమి పట్టే పాదం ఉంటుందే, దాన్ని కిందికి నెట్టే స్ప్రింగు. పాత విలాయతీ మిషన్లది, లావు తీగది. దాని కొసన, ఆముదంలో నాని నల్లబడినా ఇంకా తెలుస్తోంది, మైనం పట్టించిన ఎర్రదారం.

"జర ఆగుండ్రి" అని గౌస్ పరదా తోసుకుని లోపలికి పోయాడు.

ఫఖ్రున్నీసా మిషన్ ఆపి తలెత్తింది. ఆయన అరచెయ్యి చాపాడు. ఆమె చిటికెన వేలితో దారాన్ని తాకింది. గోటితో కొంచెం గీకి చూసింది. పెళ్లయి వచ్చిన కొత్తలో అదే దారానికి మైనం రుద్దిపెట్టే పని మామగారు ఆమెకే అప్పగించేవాడు.

"అబ్బా చెయ్యి" అంది. ఆమెకు కళ్లనీళ్లు వచ్చాయి. "అయ్యో అల్లా, గిది తుపాకీ లోపలికి ఎట్ల పోయింది?"

ఎట్ల పోయిందో ఎవరు చెప్పగలరు? ఎవడో సిపాయి తుపాకీ తుడవబోయి స్ప్రింగు పారేసుకుని ఉంటాడు. హవల్దారుకు తెలిస్తే వీపు చీరేస్తాడని దర్జీఖానాకు పరుగెత్తుకొచ్చి ఉంటాడు. అబ్బా జాలిపడి చేతికందింది బిగించి పంపి ఉంటాడు. గౌస్ అలా ఊహించుకున్నాడు. బట్టను అదమడానికి సరిపోయే స్ప్రింగుకు తూటా పేల్చే దెబ్బ ఎక్కడినుంచి వస్తుంది? టక్ మనడం తప్ప ఆ తుపాకీ ఇక దేనికీ పనికొచ్చి ఉండదు.

"అంటే అబ్బా నిజంగనే తుపాకీ రిపేరు చేసిండు" అన్నాడు గౌస్.

"చేసిండు. ఖరాబు చేసిండు" అంది ఫఖ్రున్నీసా, కళ్లు తుడుచుకుంటూ. "దాన్ల వేసేటానికి స్ప్రింగు కావాలె. ఉన్నదా నీ దగ్గర?"

కొత్త మిషన్ల స్ప్రింగులు సన్నంగా ఉంటాయి, నిలవవు. అలాంటి లావు స్ప్రింగు ఊరు మొత్తం మీద ఆయనకు తెలిసి ఒక్కచోటే ఉంది. గౌస్ ఆమె మిషన్ వైపు చూశాడు. ఆమె ఆయన చూపు వైపు చూసింది.

"ఇస్త. ఒక్క షర్తు. బయటికి పోయి, అందరి ముందర చెప్పాలె. అబ్బా కుట్టు మిషన్ల మిస్త్రీ అని."

"ఫఖ్రూ, నక్కో! గల్లీల తల ఎట్లెత్తుకోవాలె?"

"ముప్ఫై ఏండ్ల సంది ఆయన పని దాచినవ్. ఎవరిదో పేరు తెచ్చి ఆయనకు అంటించినవ్. అవతల నీ ఇజ్జత్ పోతుంటే ఎవరొచ్చిండ్రు? తుపాకులోళ్లు రాలే. అబ్బా వచ్చిండు, గీ దారంతోని." ఆమె మిషన్ మీద చెయ్యి వేసి కూర్చుంది. చెప్పనంటే ఇవ్వదని ఆ కూర్చోవడంలోనే తెలిసింది.

గౌస్ తల దించుకున్నాడు. ఆయనకు సిగ్గేసింది. ఆ మిషన్ల మీదే అబ్బా తనను సాకాడు. ఆ పనినే నలుగురిలో చెప్పుకోవడానికి తను భయపడ్డాడు. సరేనన్నాడు. ఆమె తన మిషన్‌లోంచి ఆ లావు స్ప్రింగు ఊడదీసి ఆయన చేతిలో పెట్టింది.

ముందు వీర్రాజును పక్కకు పిలిచి సంగతి చెప్పాడు. మిషన్ స్ప్రింగుతో ఉన్న తుపాకీ పటాలంలోనే పేలలేదు, ఆ తర్వాతా పేలి ఉండదన్నాడు. వీర్రాజు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"మరి పులి?" అన్నాడు.

"ఏం పులి సార్?"

"ఈ తుపాకీతో మా నాన్నగారు ఆదిలాబాదు అడవుల్లో పులిని కొట్టారని అపార్టుమెంటు మొత్తానికీ చెప్పి ఉన్నానండీ. ఏటా పూజ కాగానే అందరూ వచ్చి పులి కథ వింటారు. ప్రెసిడెంటు గారు మనవణ్ణి తీసుకొస్తారు." ఆయన గౌస్ రెండు చేతులూ పట్టుకున్నాడు. "మీకు పుణ్యం ఉంటుంది. ఈ మాట బయటికి రానివ్వకండి."

కమలకుమారి చెవులు పాముచెవులు. "పోయినేడు దాకా చిరుతేగా అన్నారు. పులెప్పుడైందండీ?" అంది స్టూలు మీంచి.

గౌస్ పని అడకత్తెరలో పోకచెక్కలా ఉంది. చెప్పకపోతే పెళ్లాం, చెబితే వీర్రాజు. చేతులు మాత్రం పని ఆపలేదు. ఇప్పుడు వాటికి భయం లేదు, తెలిసిన స్ప్రింగు కదా. కడ్డీ మీదికి ఎక్కించి, కొసన కొత్త ఎర్రదారాన్ని మైనంలో రుద్ది, అబ్బా చుట్టినట్టే చుట్టి ముడేశాడు. బోల్టు లోపలికి నెట్టి వీర్రాజు చేతికిచ్చాడు. వీర్రాజు గుర్రం నొక్కాడు.

టక్.

కమలకుమారి లేచి నిలబడి దణ్ణం పెట్టింది. గల్లీ ఈలలేసింది. అఫ్జల్ కెటిల్ పైకెత్తి అరిచాడు: "అబ్బా పేరు నిలబెట్టినవ్ భాయ్! తుపాకుల మిస్త్రీ కొడుకంటే నువ్వే!"

పరదా పక్కకు జరిగింది. ఫఖ్రున్నీసా నిలబడి ఉంది. గౌస్ ఒకసారి ఆమెను, ఒకసారి వీర్రాజును చూశాడు. తర్వాత అందరికీ వినపడేలా గొంతెత్తాడు.

"అందరు వినుండ్రి. మా అబ్బా తుపాకుల మిస్త్రీ కాదు. నేను అబద్ధం చెప్పిన. పటాలంల కుట్టు మిషన్లు బాగుచేసిండు. గీ తుపాకీల ఉన్నది సుత మిషన్ స్ప్రింగే. ముందుగాల పెట్టింది ఆయనే."

వీర్రాజు కళ్లు మూసుకున్నాడు. గౌస్ అవమానానికి సిద్ధపడి నిలబడ్డాడు.

ముందు అఫ్జల్ నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు.

"ఏం మజాక్ చేస్తవ్ భాయ్! కుట్టు మిషన్ల మిస్త్రీ కొడుకైతే తుపాకీ ఎట్ల బాగుచేస్తవ్?"

"నిజం చెప్తున్న రా. చూడు, గిది పాదం స్ప్రింగు."

"తుపాకీలకెల్లి తీసి మిషన్‌ది అంటున్నవ్. మేము చూడలేదా?"

"అబ్బా మీద ఒట్టు!"

"గంత పెద్ద హాత్ ఉండి గర్వం ఎంత లేదో చూసిన్రా" అన్నాడు అఫ్జల్, కుర్రాళ్ల వైపు తిరిగి. వాళ్లు గౌరవంగా తలలూపారు. వీర్రాజు ఒక కన్ను తెరిచాడు, రెండోది తెరిచాడు, మీసం సవరించుకున్నాడు. "పెద్దవాళ్లంతేనండీ, చెప్పుకోరు" అన్నాడు.

గౌస్ ముక్కలు చూపించాడు, దారం చూపించాడు. అఫ్జల్ కొట్టుకు వచ్చినవాడికల్లా రెండు రోజులు చెప్పి చూశాడు. నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు గానీ, అమీర్‌పేటలో నిలకడ ఎక్కడుంది? అబద్ధానికి ముప్ఫై ఏళ్లూ ఎవరూ సాక్ష్యం అడగలేదు. నిజానికి సాక్ష్యం చేతిలో ఉన్నా తీసుకునేవాడు లేడు. ఓడిపోయి లోపలికి వెళితే ఫఖ్రున్నీసా పొట్ట పట్టుకుని నవ్వుతోంది. మిషన్‌కు బిగించిన కొత్త సన్నపు స్ప్రింగు బట్టను సరిగా పట్టడం లేదు. అయినా దాని గురించి ఆమె దెప్పలేదు.

"నువ్వు చెప్పినవ్. నేను విన్న. అబ్బా సుత విన్నడు. ఇంక ఎవరు వింటే ఏంది?" అంది. తెగిన స్ప్రింగు ముక్కల్ని ఎర్రదారంతో కట్టి అప్పటికే మిషన్‌కు వేలాడదీసింది.

మహర్నవమి నాడు పంజగుట్టలో వీర్రాజు ఇంటికి గౌస్‌ను పిలిచారు. అపార్టుమెంటు అంతా వచ్చింది. ప్రెసిడెంటు గారి మనవడు ముందు వరసలో కూర్చున్నాడు. వివేక్ ఒక మూల ఫోను చేతిలో పట్టుకుని, నమ్మకం లేకపోయినా అమ్మ కోసం నిలబడ్డాడు. వీర్రాజు గౌస్‌ను నిజాం పటాలం ఆయుధాగారపు వారసుడని పరిచయం చేశాడు. గౌస్ "కాదు సార్, కుట్టు మిషన్లు" అన్నాడు. అందరూ మెచ్చుకోలుగా నవ్వారు.

హారతి అయింది. వీర్రాజు గుర్రం నొక్కాడు.

టక్.

పిల్లలు కేరింతలు కొట్టారు. గౌస్ మాత్రం తల పక్కకు తిప్పుకున్నాడు. మొన్న కొట్లో గోలలో గమనించలేదు గానీ, ఆ చప్పుడు ఆయనకు చిన్నప్పటినుంచీ తెలుసు. పాదం దించి బట్టను పట్టేముందు అబ్బా మిషన్ చేసే చప్పుడు అది. దర్జీఖానాలో ఆయన కాళ్ల దగ్గర కూర్చుని విన్న చప్పుడు. కళ్లు తడవడం ఎవరూ చూడకుండా టోపీ సర్దుకున్నాడు.

పులిహోర పొట్లం చేతిలో పెడుతూ కమలకుమారి అడిగింది, "గౌస్ గారూ, ఇకనుంచి ఆముదం రాయొచ్చంటారా?"

"నక్కో అమ్మా!" గౌస్ జేబులోంచి సన్నని ముక్కున్న చిన్న నూనె బుడ్డి తీసి ఇచ్చాడు. "గిది వేయుండ్రి. మిషన్ నూనె. రెండు చుక్కలు చాలు."

"తుపాకీకి మిషన్ నూనె ఏంటండీ, చోద్యం కాకపోతే!"

గౌస్ మళ్లీ చెప్పబోయి ఆగాడు. బుడ్డి ఆవిడ చేతిలోంచి తీసుకుని, కూర్చుని, మొదటి చుక్క తనే వేశాడు.